వెర్నియర్ కాలిపర్స్‌ని డేనిష్ వాళ్లు "తుపాకీ పాఠం" అని ఎందుకంటారు?

ఆర్హుస్_అబ్బాయి
భాషల గోల తెలిసినవాళ్లు ఇక్కడ ఉంటారని అడుగుతున్నా, నవ్వకండి. డెన్మార్క్‌లో ఆర్హుస్ దగ్గర ఒక మెషిన్ షాపులో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేరి మూడు వారాలైంది. మొన్న మా ఫోర్‌మన్ చేతిలో షాఫ్ట్ పట్టుకుని నావైపు తిరిగి ఏదో పట్రమ్మన్నాడు, నాకు వినబడింది "స్క్యూదలేఅ" అని. నాకొచ్చిన డేనిష్ కాఫీ, థాంక్స్ దగ్గరే ఆగిపోయింది. సరే అని తల ఊపి, పక్కకెళ్లి ఫోన్‌లో విన్నది విన్నట్టు కొడితే "షూటింగ్ మాస్టారు" అని వచ్చింది. తుపాకీ నేర్పే మాస్టారుని స్టోర్ రూములో ఏ అరలో వెతకను? ఐదు నిమిషాలు ఊరికే తిరిగి ఖాళీ చేతుల్తో వెనక్కొస్తే ఆయనే వెళ్లి సొరుగులోంచి తెచ్చుకున్నాడు. తీరా చూస్తే మన వెర్నియర్ కాలిపర్స్!

స్పెల్లింగ్ రాసిచ్చాడు. ముక్కలు విడదీసి డిక్షనరీ చూశా. "స్క్యూద" అంటే కాల్చడం, "లేర" అంటే నేర్చుకోవడం, బోధ. రెండూ కలిపితే కొలిచే పరికరం ఎలా అయిందో ఎవరైనా చెప్పండి, నిద్ర పట్టట్లేదు.

ఇంటర్_బైపీసీ
మా కాలేజీ ల్యాబ్‌లో వెర్నియర్ పట్టుకున్నప్పుడల్లా సార్ చూపుల్తోనే కాల్చేసేవారు. పేరు కరెక్టే బ్రో, మీవాళ్లు నిజాయితీపరులు.

సర్వం_సంస్కృతం
"స్క్యూద" అంటే మన సూది. "లేర" అంటే లేఖ. సూదితో గీసిన గీత. స్కేలు మీద గీతలు ఉంటాయి కదా. అన్నీ ఇక్కణ్ణుంచి వెళ్లినవే.

పదాలపిచ్చి
@సర్వం_సంస్కృతం అన్నా, వాల్తేరుకి వాల్టేరు దొరగారికీ కూడా నువ్వు ఇలాగే చుట్టరికం కలుపుతావ్. కాసేపు ఆగు, నీకు కూడా ఒక లడ్డూ దొరుకుతుంది ఈ థ్రెడ్‌లో, నేనే ఇస్తా, కానీ అది ఇది కాదు.

ఒడెన్సె_ఉమ
పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, మా పిల్లల హోంవర్క్ పుణ్యమా అని ఇదంతా నేర్చుకోక తప్పలేదు. అబ్బాయి చూసిన డిక్షనరీ తప్పు కాదు, సగమే చూశాడు.

"స్క్యూద" కి కాల్చడం ఒక అర్థం, తోయడం, జరపడం ఇంకో అర్థం. పక్కకి జరిపి తీసే తలుపుంటుంది చూడండి, దాన్ని ఇక్కడ "స్క్యూదడొర్" అంటారు. మా బాల్కనీ తలుపు అదే. అది తుపాకీ తలుపు కాదు, జరిపే తలుపు. అదే "స్క్యూద" కి "బేన" తగిలిస్తే "స్క్యూదబేన", అది మాత్రం నిజంగానే తుపాకీ పేల్చే చోటు. కాబట్టి ముందు ముక్క ఒక్కదాన్ని చూసి ఏమీ తేల్చలేం, పక్కన ఎవరున్నారో చూడాలి.

రెండో ముక్క "లేర" కి బోధ అనే అర్థంతో పాటు పనిముట్ల భాషలో గేజ్ అని అర్థం ఉంది. మర చుట్లు చూసేది "గెవిండ్‌లేర", రేడియస్ చూసేది "రాదియుస్‌లేర". సో ఇది జరిపే గేజ్. అంతే.

మన సమాసాల్లాగే ఇక్కడ కూడా చివరి పదానిదే పెత్తనం. కొలబద్ద అంటే ఒక రకం బద్ద, కొలత కాదు కదా. అలాగే ఇది ఒక రకం లేర, ఒక రకం కాల్పు కాదు.

ఇక మాస్టారు ఎలా వచ్చాడంటే, నేర్పేవాణ్ణి "లేరర్" అని రాస్తారు, కానీ పలికేటప్పుడు లేర, లేరర్ రెండూ ఒకటే, "లేఅ". రాతలో చివరి ఆర్ ఉంటుంది, నోట్లో ఉండదు. ఇక్కడి పిల్లలే కాదు పెద్దవాళ్లు కూడా ఈ చివరి ఆర్ దగ్గర తప్పులు రాస్తారు. ఇంకో తమాషా, కాలిపర్స్ ఒకటి కాకుండా నాలుగు కావాలంటే బహువచనం కూడా "స్క్యూదలేరర్" అనే రాయాలి. అంటే షూటింగ్ మాస్టారు అన్నా, బోలెడు కాలిపర్లన్నా ఒకే స్పెల్లింగ్. మీ ఫోన్ పాపం ఏం చేస్తుంది.

ఆర్హుస్_అబ్బాయి
ఉమక్కా, మీరు దేవత. కానీ మధ్యలో ఆ "ద" ని వీళ్లు "ల" లాగా ఎందుకంటారు? ఇప్పుడు విన్నా నాకు "స్క్యూలలేఅ" అన్నట్టే ఉంటోంది.

ఒడెన్సె_ఉమ
అది మెత్తటి ద. నాలుక చివర కింది పళ్ల దగ్గర పడుకోబెట్టి "ద" అనడానికి ప్రయత్నించి మధ్యలో మానెయ్యండి, వచ్చేస్తుంది. నాకు రావడానికి రెండేళ్లు పట్టింది. మన చెవికి అది ల లాగే ఉంటుంది, మీ తప్పు కాదు.

స్టుట్‌గార్ట్_శైలు
జర్మన్ వైపు నుంచి ఒక ముక్క. మాకు కాల్చడానికి "షీసెన్", తోయడానికి "షీబెన్", రెండు వేర్వేరు క్రియలు, వేర్వేరు ధాతువులు. అందుకే మా దగ్గర ఈ పరికరం "షీబ్‌లేర", ఎవరికీ తుపాకీ గుర్తుకురాదు. నార్వే వాళ్లు కూడా తోయడానికి "శ్యూవె" అనే మాట ఉంచుకున్నారు కాబట్టి "శ్యూవెలేర" అంటారు. డేనిష్, స్వీడిష్ వాళ్లు మాత్రం ఒక్క క్రియతోనే రెండు పనులూ చేయించుకుంటున్నారు. స్వీడిష్‌లో అయితే "లేర" కూడా లేదు, "షూట్‌మోట్" అంటారు, మోట్ అంటే కొలత.

డేనిష్ వాళ్ల "లేర" గేజ్ అర్థంలో మా జర్మన్ "లేర" నుంచి అరువు. పనిముట్ల మాటలు చాలావరకు జర్మన్ చేతివృత్తుల వాళ్లతో పాటే ఉత్తరానికి వెళ్లాయి.

టర్నర్_బాబాయి
బాలానగర్‌లో ముప్పై నాలుగేళ్లు లేత్ మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. భాష సంగతి నాకు తెలీదు, కానీ ఉమమ్మా, నువ్వు చెప్పినదాంట్లో పనివాడికి ఒక చిక్కుంది. వెర్నియర్ గేజ్ కాదు. గేజ్ అంటే దాని ఒంటి మీద ఒక సైజు ఖాయంగా ఉంటుంది. గో నో-గో గేజ్ తీసుకో, ఒక వైపు దూరాలి, రెండో వైపు దూరకూడదు, దూరిందా జాబ్, అంటే మనం చేసిన ముక్క, రిజెక్ట్. ఎంత తేడా ఉందో అది చెప్పదు, పాస్ ఫెయిల్ మాత్రమే చెబుతుంది. వెర్నియర్ అలా కాదు, అంకె చెబుతుంది. జరిపే గేజ్ అంటే కదిలే మైలురాయి అన్నట్టుంది నాకు.

స్టుట్‌గార్ట్_శైలు
బాబాయ్, సరిగ్గా ఈ గొడవే జర్మనీలో జరిగింది! లేర అంటే స్థిరమైన సైజు, కాబట్టి షీబ్‌లేర అనడం తప్పు అని స్టాండర్డ్స్ వాళ్లు తేల్చారు. డిన్ 862 అనే జర్మన్ స్టాండర్డ్‌లో దాని పేరు "మెస్‌షీబర్", కొలిచే జరుపుడుకర్ర అనుకోండి. ట్రైనింగ్‌లో ఎవరైనా షీబ్‌లేర అంటే సార్లు సరిచేస్తారు. షాప్ ఫ్లోర్ మీద మాత్రం పాత చేతులన్నీ షీబ్‌లేర అనే అంటాయి. డేనిష్ వాళ్లు ఈ తలనొప్పి పెట్టుకోలేదు, పాత పేరే ఉంచేశారు.

టర్నర్_బాబాయి
చూశారా. డిన్ వాడు నా మాటే అన్నాడు. ఇవాళ రెండో టీ తాగుతా.

ఇంటర్_బైపీసీ
బాబాయ్ రాక్స్ 😂

మగ్గం_మనవడు
ఒకే మాటకి తోయడం, కాల్చడం అనేది నాకు వింతగా లేదు. మాది చీరాల వైపు, మా తాత గుంట మగ్గం మీద నేసేవాడు. నాడెని చేత్తో తోస్తే అది పడుగు మధ్యలోంచి బాణంలా దూసుకుపోయి అవతలి చెయ్యి చేరేది. చిన్నప్పుడు నేను పక్కన కూచుని వేలు పెట్టబోయి ఒకసారి దాని ఇత్తడి ముక్కు దెబ్బ తిన్నా, గోరు నల్లబడి ఊడిపోయింది. అది తోసిందా కాల్చిందా అంటే నా గోరుని అడగండి.

పదాలపిచ్చి
మగ్గం_మనవడూ, నువ్వు తెలియకుండానే బంగారం తవ్వావు. నాడెని ఇంగ్లీషులో షటిల్ అంటారు కదా, ఆ షటిల్, ఇంగ్లీషు షూట్, డేనిష్ స్క్యూద, జర్మన్ షీసెన్ అన్నీ ఒకే కుటుంబం. తలుపు మూయడానికి వాడే షట్ కూడా ఇదే, మొదట గడియ తోయడం అని అర్థం. విసురుగా ముందుకి తోసేదంతా ఒకే ధాతువు కింద ఉండేది. తర్వాత తుపాకులొచ్చి ఒక అర్థం మిగతావాటిని మింగేసింది. డేనిష్‌లో తలుపు, కాలిపర్ లాంటి చోట్ల పాతది బతికిపోయింది.

ఇక @సర్వం_సంస్కృతం అన్నకి బాకీ ఉన్న లడ్డూ. ఈ ధాతువుకి సంస్కృతంలో "చుద్" ని చుట్టంగా చూపిస్తారు భాషావేత్తలు, ప్రేరేపించు, ముందుకి తోలు అనే అర్థంలో. చోదన, చోదకుడు. రోజూ సంధ్యావందనంలో అనే "ప్రచోదయాత్" లో ఉన్నది ఆ చుదే. కాబట్టి వాహన చోదకుడూ స్క్యూదలేరా దూరపు బావాబావమరుదులు.

సర్వం_సంస్కృతం
నేను చెప్పలా!!! ఇక్కణ్ణుంచే వెళ్లింది!

పదాలపిచ్చి
వెళ్లలేదు అన్నా. ఇద్దరికీ ఒకే ముత్తాత, అంతే. నీకు పెదనాన్న కొడుకున్నాడంటే వాణ్ణి నువ్వు కన్నట్టు కాదు.

సర్వం_సంస్కృతం
చుట్టం అని ఒప్పుకున్నావ్ చాలు. లడ్డూ తీసుకున్నా.

కాకినాడ_కాజా
అయ్యా అందరూ స్క్యూద దగ్గరే ఆగిపోయారు. నాకు అసలు డౌట్ లేర మీద. బోధ అనే లేర, గేజ్ అనే లేర రెండూ ఒకటేనా, లేక ఊరికే ఒకేలా ఉన్నాయా? ఉమగారు రెండర్థాలు అని దాటేశారు. డేనిష్‌లో "మోల్" అంటే కొలత, కానీ మాతృభాషని "మోదర్స్‌మోల్" అంటారు, అక్కడ మోల్ అంటే మాట, వాటికీ వీటికీ ఏ సంబంధం లేదని చదివా, రెండూ వేర్వేరు పాత పదాలు కాలక్రమంలో ఒకేలా అరిగిపోయాయి. లేర కూడా అలాగే కాదని గ్యారంటీ ఏంటి?

ఒడెన్సె_ఉమ
మంచి ప్రశ్న, నేను దాటేసిన మాట నిజమే. మోల్ గురించి మీరన్నది కరెక్ట్.

పదాలపిచ్చి
అనుమానించడం న్యాయమే కాజాగారూ, కానీ ఇక్కడ రెండూ ఒకటే. జర్మన్‌లో లేర అంటే బోధ, దాన్నుంచే "ఎలా ఉండాలో చూపించే నమూనా" అనే అర్థం పుట్టింది, పనివాళ్ల చేతుల్లో అది సైజు చూపించే చెక్క, రేకు, గేజ్ అయింది. ముక్కని దానికి ఆనించి పెడితే "నువ్విలా ఉండాలి" అని నేర్పుతుంది.

ఇంకా వెనక్కి వెళ్తే ఈ నేర్చుకోవడానికి మూలం అడుగుజాడ. పాత జెర్మానిక్ భాషల్లో జాడ పట్టుకుని పోవడం, తెలుసుకోవడం ఒకే గూటివి. ఇంగ్లీషు లెర్న్, లోర్ ఇదే గుంపు. చెప్పులు కుట్టేవాళ్లు పాదం ఆకారంలో పెట్టుకునే చెక్క అచ్చుని ఇంగ్లీషులో లాస్ట్, డేనిష్‌లో "లెస్ట్" అంటారు, అది కూడా ఇక్కడిదే. అడుగు, అచ్చు, బోధ అన్నీ ఒక చెట్టు కొమ్మలు.

ఇప్పుడు అసలు మజా. మనమనే "కాలిపర్" ఎక్కణ్ణుంచి వచ్చింది? క్యాలిబర్ నుంచి. క్యాలిబర్ ఎక్కణ్ణుంచి? ఎక్కువమంది ఒప్పుకునే దారి ప్రకారం అరబ్బీ "ఖాలిబ్", అంటే పోత అచ్చు. ఖాలిబ్ ఎక్కణ్ణుంచి? గ్రీకులో చెప్పులవాడి చెక్క పాదానికి ఉన్న పేరు నుంచి! అంటే డేనిష్ వాడు ఉత్తరం దారిలో, మనం దక్షిణం దారిలో బయల్దేరి ఇద్దరం ఒకే చెప్పుల దుకాణం ముందు తేలాం. ధాతువులు వేరు, ఏ సంబంధమూ లేదు, అయినా తేలాం.

ఆర్హుస్_అబ్బాయి
నిద్ర పట్టట్లేదని అడిగితే ఇప్పుడు అస్సలు పట్టకుండా చేశారు.

పాతబస్తీ_పాషా
ఖాలిబ్ మాకు ఇంట్లో మాటే భాయ్. మా అమ్మీ నన్నూ మా చిన్నమ్మ కొడుకునీ చూసి "ఏక్ జాన్ దో ఖాలిబ్" అనేది, ప్రాణం ఒకటే ఒళ్లు రెండని. అది కాలిపర్‌కి నానా అని ఇవాళే తెలిసింది.

టర్నర్_బాబాయి
లేర అంటే నేర్పేది అని పదాలపిచ్చి చెప్పింది చదివి కాసేపు ఊరుకున్నా. నేను బాలానగర్‌లో చేరినప్పుడు మా మేస్త్రీ ఆరు నెలలు నాకు వెర్నియర్ ఇవ్వలా. ఒక పాత బుష్షు చేతికిచ్చి, నువ్వు తిప్పిన షాఫ్ట్ దీంట్లోకి వెళ్లాలి, వదులుగా కాదు బిగుతుగా కాదు, నూనె రాసి నిలబెట్టి వదిలితే మెల్లగా దిగాలి అన్నాడు. ఆ బుష్షే నాకు మాస్టారు. ఎన్ని షాఫ్టులు పాడుచేశానో. తర్వాత ఒకరోజు ఆయన మిటుటోయో వెర్నియర్ తీసి చూపించాడు, మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టుకునేవాడు, అప్పటికి అంకె చూడకముందే నా వేళ్లకి తెలిసిపోయేది. కాబట్టి గేజ్‌కి బోధ అని పేరు పెట్టినవాడెవడో పనిచేసినవాడే.

అయినా వెర్నియర్ మాత్రం గేజ్ కాదు. ఆ మాట మీదే ఉన్నా.

ఒడెన్సె_ఉమ
బాబాయ్‌గారూ, ఇక్కడ పని నేర్చుకునే కుర్రాళ్లని "లేర్లింగ్" అంటారు. అప్రెంటిస్‌గా ఉన్నాడు అనడానికి "లేరలో ఉన్నాడు" అంటారు. మీరు ఆరు నెలలు బుష్షు లేరలో ఉన్నారు.

తర్కం_తాతయ్య
కొలతకీ తెలుసుకోవడానికీ ఒకే పేరు అనేది మనకేం కొత్త? "ప్రమాణం" అంటే ఏమిటి? కొలత. మరి న్యాయశాస్త్రంలో ప్రమాణం అంటే? జ్ఞానానికి సాధనం. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు. "మా" ధాతువుకి కొలవడం అని అర్థం, అనుమానంలోనూ ఉపమానంలోనూ ఉన్న మానం అదే. కొలిచి తెలుసుకున్నదే తెలుసుకున్నట్టు. ఆ జర్మన్ మేస్త్రీ బోధ నుంచి కొలతకి వచ్చాడు, మనవాళ్లు కొలత నుంచి జ్ఞానానికి వెళ్లారు. ఎదురెదురు బస్సులు.

డేనిష్ వాళ్ల మోల్, కొలత అనే మోల్, దానికి కూడా మన "మా" చుట్టమే అని ఎక్కడో చూసినట్టు గుర్తు. పదాలపిచ్చి నాయనా, అవునా?

పదాలపిచ్చి
అవును తాతగారూ. మాతృభాషలోని మోల్ కాదు, కొలత మోల్.

సర్వం_సంస్కృతం
రెండో లడ్డూ 😎

కాకినాడ_కాజా
తాతగారి పోస్టు బాగుంది కానీ ఎదురెదురు బస్సులు అన్నంత మాత్రాన రెండూ ఒకే డిపోవి కావు. ఊరికే గుర్తుచేస్తున్నా, లేకపోతే రేపు ఎవడో వాట్సాప్‌లో "ప్రమాణం నుంచే లేర పుట్టింది" అని తిప్పుతాడు.

తర్కం_తాతయ్య
అంగీకరించాను. ఉపమానమే, అనుమానం కాదు.

ఇంటర్_బైపీసీ
నాకు ఇవన్నీ కాదు గానీ మధ్యలో జరిగే ఆ చిన్న స్కేలుని వాళ్లేమంటారు? వెర్నియర్ అనే అంటారా?

స్టుట్‌గార్ట్_శైలు
లేదు, డేనిష్‌లోనూ జర్మన్‌లోనూ "నోనియుస్". పోర్చుగల్ గణితవేత్త పెడ్రో నూనెష్ లాటిన్ పేరు అది. తమాషా ఏంటంటే ఆయన చేసింది ఇది కాదు. 1542 లో ఆయన చెప్పిన పద్ధతిలో పావు వృత్తం మీద ఒకదానిలోపల ఒకటి చాపాలు గీసి, బయటిదాన్ని 90 భాగాలు, తర్వాతది 89, తర్వాతది 88, అలా 46 దాకా విడగొట్టాలి. జరిపే స్కేలు చేసింది ఫ్రెంచి ఆయన పియెర్ వెర్నియే, 1631 లో. పని ఒకరిది, పేరు ఇంకొకరిది.

ఒడెన్సె_ఉమ
దీంట్లో డేనిష్ వాటా కూడా ఉంది. డేనిష్ ఖగోళ శాస్త్రవేత్త ట్యూకో బ్రాహే వెన్ దీవిలో పెద్ద పెద్ద నక్షత్ర పరికరాలు కట్టించాడు కదా, నూనెష్ పద్ధతి ఆయన నిజంగానే వాడి చూశాడు. 89 భాగాలు, 87 భాగాలు సమానంగా గీయడం ఎంత నరకమో ఊహించండి. చివరికి వదిలేసి గీతల మధ్య ఏటవాలుగా చుక్కల వరసలు పెట్టుకునే పద్ధతికి వెళ్లిపోయాడు.

ఇంటర్_బైపీసీ
కనీసపు కొలత కనుక్కోలేక రికార్డు కాపీ కొట్టిన నాకూ బ్రాహేకీ ఒకే బాధ అన్నమాట.

మగ్గం_మనవడు
మన మేస్త్రీలు గోడ మట్టం చూసేది రసమట్టం అంటారు కదా, దానికి డేనిష్‌లో ఏమంటారో?

ఒడెన్సె_ఉమ
"వాతర్‌పాస్". వాతర్ అంటే నీళ్లే, కానీ డేనిష్ నీళ్లు "వెన్", ఇది డచ్ వైపు నుంచి వచ్చిన నీళ్లు. మట్టంగా ఉందా అనడానికి "వాతర్‌లో ఉందా" అంటారు. మనకి రసం, వీళ్లకి నీళ్లు. మడతబెట్టే కొలబద్దకి "టొమ్మెస్టొక్", టొమ్మ అంటే అంగుళం, బొటనవేలు మాటకి చుట్టం, మన అంగుళం వేలి నుంచి వచ్చినట్టే. 1907 లో మెట్రిక్ చట్టం వచ్చినా ఆ కర్రకి అంగుళం పేరు పోలేదు.

పాతబస్తీ_పాషా
రసం నీళ్లగా ఉంటే మా ఇంట్లో ఎవరూ తినరు.

ఆర్హుస్_అబ్బాయి
అప్‌డేట్. ఇవాళ ఇన్‌స్పెక్షన్ టేబుల్‌కి రెండు కొత్తవి కావాలని స్టోర్ చీటీ మీద నేనే రాశా, "2 స్క్యూదలేరర్" అని, ఉమక్క చెప్పిన చివరి ఆర్ తో సహా. స్టోర్ పెద్దాయన చీటీ చూసి, నన్ను చూసి, చేతుల్తో తుపాకీ పట్టినట్టు పెట్టి ఒక కన్ను మూశాడు. మూడు వారాల్లో మొదటిసారి ఇక్కడ ఒక జోకు నాకు అర్థమైంది. నవ్వాను. ఆయనా నవ్వాడు. లేరకీ చెప్పుల అచ్చుకీ చుట్టరికం అని నా ఇంగ్లీషులో చెప్పబోతే మాత్రం కాఫీ పోసిచ్చి పంపేశాడు.

కొత్తవి డబ్బాలోంచి తీసి చూస్తే ఒకదానికి జీరో ఎర్రర్ ప్లస్ 0.02 చూపిస్తోంది. వెనక్కిచ్చెయ్యనా బాబాయ్?

టర్నర్_బాబాయి
దవడలు తుడిచావా?

ఆర్హుస్_అబ్బాయి
...లేదు.

టర్నర్_బాబాయి
కొత్తదానికి కంపెనీ నూనె ఉంటుంది. దవడల మధ్య తెల్ల కాయితం పెట్టి, మెల్లగా మూసి, కాయితం లాగు. రెండుసార్లు చెయ్. తర్వాత మూసి ట్యూబులైటుకి ఎదురుగా పట్టి చూడు, సందులోంచి వెలుగు రాకూడదు. అప్పుడు చెప్పు ఎంత చూపిస్తోందో.

ఆర్హుస్_అబ్బాయి
జీరో.